అటక మీది నుంచి చూసిన చరిత్ర

తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. కప్పు ఏటవాలుగా ఉండటం వల్ల బాగా ఎత్తున్న చోట కూడా మూడడుగులే. మన పాత ఇళ్లలో ఇత్తడి గంగాళాలూ విరిగిన కుర్చీలూ పడేసే అటక ఉంటుంది చూడండి, ఇంచుమించు అంత. నార్త్ కరోలినాలో ఈడెన్‌టన్ అనే చిన్న రేవుపట్నంలో, అమ్మమ్మ ఇంటికి ఆనించి కట్టిన కొట్టు పైన అలాంటి అటకలో, హేరియట్ జేకబ్స్ అనే బానిస స్త్రీ 1835 నుంచి 1842 దాకా దాదాపు ఏడేళ్లు దాక్కుంది. నిలబడటానికి లేదు. వెలుతురు రాదు. పైగా ఎలుకలు. చేతికి దొరికిన ఒక చిన్న బరమాతో గోడకి బెజ్జాలు పెట్టుకుని, వాటికి కళ్లానించి కింద తన పిల్లలిద్దర్నీ చూసుకునేది. తల్లి తమ నెత్తి మీదే ఉందని ఆ పిల్లలకి తెలీదు.

ఇదంతా ఆమె పుస్తకంగా రాసింది. 'ఇన్సిడెంట్స్ ఇన్ ద లైఫ్ ఆఫ్ ఎ స్లేవ్ గర్ల్' పేరుతో 1861లో బోస్టన్‌లో అచ్చయింది. రచయిత్రి పేరు వెయ్యలేదు. కథ చెప్పే మనిషి పేరు లిండా బ్రెంట్, ఆమె యజమాని పేరు డాక్టర్ ఫ్లింట్, రెండూ మారుపేర్లే. సంపాదకురాలిగా లిడియా మరియా చైల్డ్ అనే తెల్ల రచయిత్రి పేరుంది. ఆ ఏడాదే అంతర్యుద్ధం మొదలైంది, కొన్నాళ్లకి పుస్తకం మరుగున పడింది. ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని మళ్లీ తెరిచిన చరిత్రకారుల్లో చాలామంది ఇది నవల అనుకున్నారు. చైల్డే రాసి ఉంటుందన్నారు. బానిస స్త్రీ ఇంత బాగా రాస్తుందా? ఏడేళ్లు అటకలో ఎవరైనా బతుకుతారా? సరిగ్గా అవసరమైనప్పుడు అవసరమైన మనిషి తారసపడటం, యజమాని వెంటపడటం, ఇవన్నీ ఆ కాలపు ఆడవాళ్ల నవలల్లోలాగే లేవూ?

మరి అదే పుస్తకం ఇవాళ అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో సాహిత్యంలోనే కాదు, చరిత్రలో, స్త్రీవాద సిద్ధాంతంలో, చివరికి భూగోళశాస్త్రంలో కూడా పాఠ్యం. నవల అని పక్కన పెట్టిన చోటి నుంచి అక్కడికి ఎలా వచ్చిందన్నదే నేను చెప్పాలనుకుంటున్న సంగతి. ఇంజనీరింగ్ చదివిన నాలాంటివాళ్లకి "అనుభవమే జ్ఞానం" అన్న మాట వినగానే చెయ్యి తనంతట తానే పైకి లేస్తుంది: ఒక మనిషి చెప్పిన కథ డేటా ఎలా అవుతుంది? ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే దాంతోబాటే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: డేటా అని మనం పిలుస్తున్నది ఎవరు రాసిపెట్టారు?

ముందు ఒక కాగితం చూద్దాం. 1835 జూన్ 30 తేదీతో ఒక పత్రికా ప్రకటన. ఇచ్చింది ఈడెన్‌టన్ డాక్టరు జేమ్స్ నార్కమ్, అంటే పుస్తకంలోని ఫ్లింట్. హేరియట్ అనే పని మనిషి తన కొడుకు తోటలోంచి పారిపోయిందనీ, పట్టిచ్చినవాళ్లకి వంద డాలర్లనీ ఉంటుంది. వయసు 21, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, జుట్టు ఎలా ఉంటుందో, నడక ఎలా ఉంటుందో, ఎంత ధారాళంగా మాట్లాడుతుందో, అన్నీ ఉన్నాయి. ఎందుకు పారిపోయిందన్నదానికి మాత్రం, తెలిసిన కారణమేదీ లేదని రాశాడు.

ఆ కారణం మనకి హేరియట్ పుస్తకంలోనే దొరుకుతుంది. పదిహేనేళ్ల వయసు నుంచీ అతను ఆమె వెంటపడ్డాడు. అతన్నుంచి తప్పించుకోడానికి ఆమె వేరొక తెల్ల లాయర్‌తో సంబంధం పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని కన్నది. తోటలో ఆ పిల్లల్ని కూడా పనిలోకి దించబోతున్నారని తెలిశాక పారిపోయింది. తను కనపడకుండా పోతే పిల్లల్ని అమ్మేస్తాడు, అమ్మితే వాళ్ల తండ్రి కొనుక్కుంటాడు అన్నది ఆమె లెక్క. లెక్క తప్పలేదు. తండ్రి ఒక బానిస వ్యాపారి ద్వారా కొనిపించాడు. (కొన్నాడు గానీ వెంటనే విడుదల పత్రం రాసివ్వలేదు. తర్వాత అతను కాంగ్రెస్ సభ్యుడయ్యాడు.)

ఇప్పుడు కాగితాన్ని మాత్రమే నమ్మే చరిత్రకారుణ్ణి ఊహించుకోండి. అతని దగ్గర ప్రకటన ఉంది: తేదీ, పేరు, మొత్తం, సంతకం. ఆధారంగా దానికి వంక పెట్టడానికేం లేదు, ఒక్క కారణం తప్ప అన్నీ నిజాలే. ఏమైనా అర్థం కావాలంటే కావలసింది మాత్రం ఆ ఒక్కటే.

అంతకంటే గమ్మత్తయినది ఉత్తరాల సంగతి. అటకలో ఉండగా జేకబ్స్ నార్కమ్‌కి ఉత్తరాలు రాసింది, తను ఉత్తరాదికి చేరిపోయినట్టు. న్యూయార్క్ వీధుల పేర్లు తెలియాలి కదా, అందుకని ఒక న్యూయార్క్ పత్రిక ముక్క సంపాదించింది. నల్లవాళ్లని రోజూ తిట్టిపోసే పత్రిక ఇన్నాళ్లకి ఒక నల్లమనిషికి పనికొచ్చిందని ఆమె ఓ చురక కూడా వేస్తుంది. నమ్మకస్తుల చేత వాటిని ఉత్తరాదికి పంపించి, అక్కణ్ణించి పోస్టు చేయించింది. ఉత్తరం అందాక ఆ డాక్టరు ఏం చేశాడు? అమ్మమ్మ ఇంటికొచ్చి, ఆమెకొచ్చిన ఉత్తరం చదివి వినిపిస్తానంటూ, తనే రాసుకొచ్చిన ఇంకో ఉత్తరం చదివాడు. హేరియట్ పశ్చాత్తాప పడుతున్నట్టు, ఇంటికి రావాలనుకుంటున్నట్టు. పైన అసలు మనిషి వింటూనే ఉంది.

ఆ ఉత్తరాల్లో ఏదో ఒకటి ఇవాళ ఏ ఆర్కైవ్‌లోనో దొరికిందనుకోండి. పోస్టు ముద్ర అసలుది. చేతిరాత అసలుది. తేదీ సరిగ్గా ఉంది. ఆ తేదీకి హేరియట్ జేకబ్స్ న్యూయార్క్‌లో ఉందని మనం ఫుట్‌నోట్ వేసేసుకుంటాం. రెండో రకం ఉత్తరం దొరికితే, ఆమె తిరిగి రావడానికి సిద్ధపడిందని రాసుకుంటాం. బానిస పంపింది అబద్ధం, యజమాని చదివింది అబద్ధం. నిజం చెప్పింది చాలాకాలం నవలగా చలామణి అయిన పుస్తకం ఒక్కటే. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం లాగ్ ఫైల్లో ఉంటే జరిగినట్టే అనుకుంటాం. లాగ్ రాసే ప్రోగ్రామ్‌నే ఎవరైనా ఏమారుస్తుంటే?

అమెరికన్ బానిసత్వ చరిత్ర రాయడం మొదట్లో యజమానుల కాగితాల మీదే నడిచింది. 1918లో యూ. బి. ఫిలిప్స్ రాసిన పెద్ద గ్రంథం తోటల లెక్కల పుస్తకాలూ యజమానుల ఉత్తరాలూ ఆధారంగా రాసింది. బానిసలు చెప్పిన మాట అందులో సాక్ష్యం కాదు. తోట ఒక రకమైన బడి అన్నట్టుంటుంది అతని ధోరణి. 1930ల్లో ప్రభుత్వ పథకం కింద రెండు వేలమందికి పైగా మాజీ బానిసల్ని కలిసి వాళ్ల మాటలు రాసుకున్నారు. వాళ్లలో చాలామంది అప్పటికే ఎనభైలు దాటినవాళ్లు, అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. చెప్పేవాళ్లు ఆచితూచి చెప్పారంటే వింతేముంది? ఆ తర్వాత 1972లో జాన్ బ్లాసింగేమ్ బానిసలు రాసుకున్న ఆత్మకథల్ని ఆధారంగా తీసుకుని 'ద స్లేవ్ కమ్యూనిటీ' రాశాడు. పెద్ద మలుపు అది. ఆయనా నల్లవాడే, బానిసల మాటకి చరిత్రలో చోటివ్వాలని పట్టుబట్టినవాడే. అలాంటాయన కూడా జేకబ్స్ పుస్తకం దగ్గరికొచ్చేసరికి నమ్మశక్యంగా లేదన్నాడు. మరీ పద్ధతిగా ఉందట, మరీ నాటకీయంగా ఉందట.

నాకు ఈ కథలో ముల్లులా గుచ్చుకునేది ఇదే. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన కొలబద్ద ఫ్రెడరిక్ డగ్లస్ లాంటి మగవాళ్ల కథలతో తయారైంది. ఆ కథల్లో బానిస ఎదురుతిరుగుతాడు, కొట్లాడతాడు, ఒంటరిగా పారిపోతాడు, చదువుతో మనిషవుతాడు. జేకబ్స్ ఒంటరిగా పారిపోలేదు. పిల్లలున్నారు, అమ్మమ్మ ఉంది. పరిగెత్తలేదు, దాక్కుంది. ఆమె మీద జరిగిన హింసలో కొరడా కంటే చెవిలో గుసగుసలు ఎక్కువ. ఆ సంగతి చెప్పడానికి ఆమెకి అందుబాటులో ఉన్న భాష, అప్పటి తెల్ల ఆడవాళ్లు చదివే నవలల భాషే. ఆ భాషలో చెప్పింది కాబట్టి కల్పన అన్నారు. ఇంకో భాషలో చెప్పే వీలుందా అని అడగలేదు.

అసలు ఆ పుస్తకం రాయడమే ఒక పోరాటం. 1842లో ఉత్తరాదికి తప్పించుకుని, న్యూయార్క్‌లో విలిస్ అనే రచయిత ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనిలో చేరింది. 1852లో ఆ ఇంటావిడ మూడు వందల డాలర్లిచ్చి ఆమెని విడిపించింది. తన స్వేచ్ఛ ఒకరు కొనాల్సిన సరుకు కావడం జేకబ్స్‌కి ఇష్టం లేదు, అయినా విడుదల విడుదలే. రాయమని ప్రోత్సహించింది రాచెస్టర్‌లోని స్నేహితురాలు ఏమీ పోస్ట్. అప్పటికి 'అంకుల్ టామ్స్ కేబిన్'తో ప్రపంచ ప్రసిద్ధురాలైన హేరియట్ బీచర్ స్టోవ్ సాయం చేస్తుందేమోనని కబురు పెడితే, ఆవిడ ఇదంతా నిజమేనా అని నేరుగా ఇంటి యజమానురాలికే రాసింది. నిజమైతే తన తర్వాతి పుస్తకంలో వాడుకుంటానంది. జేకబ్స్ ఆ యజమానురాలికి కూడా చెప్పని విషయాలవి! సిగ్గుతోనూ కోపంతోనూ ఆమె తేల్చుకున్నది ఒక్కటే, తన కథ ఇంకొకరి పుస్తకంలో ఉదాహరణగా ఉండకూడదని. 1853లో పారిపోయిన బానిస పేరుతో న్యూయార్క్ ట్రిబ్యూన్‌కి ఒక ఉత్తరం రాసింది, అచ్చయింది. అక్కణ్ణించి రాత్రులు పిల్లలు పడుకున్నాక, ఇంటాయనకి తెలీకుండా, ఏళ్ల తరబడి రాసింది.

కథ చెప్పే మనిషి వేరు, దాన్ని జ్ఞానంగా మార్చే మనిషి వేరు అన్న ఏర్పాటుని ఆమె అప్పుడే ఒప్పుకోలేదు. దాని మీద విశ్వవిద్యాలయాల్లో వాదనలు మొదలయ్యేసరికి ఇంకో నూట పాతికేళ్లు పట్టింది.

ఇక ముడి విప్పిన మనిషి జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు. రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో పోస్ట్ కుటుంబం కాగితాల్లో జేకబ్స్ రాసిన ఉత్తరాల కట్ట ఉంది. స్పెల్లింగులు తప్పులతడక, కామాలూ ఫుల్‌స్టాపులూ ఇష్టం వచ్చినట్టు. గొంతు మాత్రం పుస్తకంలోదే. పుస్తకం ఎలా రాస్తున్నదీ, చైల్డ్ ఏం చేసిందీ కూడా వాటిలో ఉంది. అవి పట్టుకుని యెల్లిన్ ఈడెన్‌టన్ రికార్డులూ నార్కమ్ కాగితాలూ తిరగేసి ఒక్కో మారుపేరు వెనకున్న మనిషిని బయటికి లాగింది. 1981లో ఆ వ్యాసం వచ్చింది, 1987లో హార్వర్డ్ ప్రెస్ నుంచి సంపాదిత ప్రతి వచ్చింది. అప్పుడు గానీ అట్ట మీద హేరియట్ జేకబ్స్ పేరు స్థిరపడలేదు.

1981 అనగానే నాకు ఇంకో పుస్తకం గుర్తొస్తుంది. తెలుగువాళ్లకి అమెరికన్ బానిసత్వం అంటే ముందు తట్టేది సహవాసి అనువాదం 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చి నిజమైన వంశ చరిత్రగా ప్రపంచమంతా చెల్లుబాటైంది. అందులో కొన్ని భాగాలు హెరాల్డ్ కూర్లాండర్ నవల నుంచి వచ్చాయన్న దావా 1978లో డబ్బు చెల్లించి రాజీ చేసుకోవాల్సి వచ్చింది. 1981లో ఇద్దరు వంశావళి నిపుణులు వర్జీనియా రికార్డులు చూసి, 1767లో ఓడ దిగిన కుంటా కింటేయే తర్వాత టోబీ అయ్యాడన్నది కుదరదని తేల్చారు. ఎందుకంటే టోబీ పేరు అక్కడి కాగితాల్లో 1762కే ఉంది. 'ఏడు తరాలు' నాకు ఇష్టమైన పుస్తకమే, అది కదిలించినంతగా ఏ చరిత్ర గ్రంథమూ కదిలించలేదు. కానీ ఒకే ఏడాదిలో, చరిత్రగా చెల్లిన మగవాడి వంశగాథలో కల్పన బయటపడటం, కల్పనగా తోసేసిన ఆడమనిషి కథ చరిత్రగా రుజువు కావడం! ఎవరి కథకి ముందు నమ్మకం, ఎవరి కథకి ముందు అనుమానం అన్నది ఆధారాల కంటే ముందే నిర్ణయమైపోతుంది.

అయితే రుజువుతో కథ అయిపోలేదు, అసలు మలుపు అక్కడే ఉంది. పుస్తకం నిజమని తేలిందంటే అది నమ్మదగిన సాక్ష్యం అయింది, అంతే. సాక్షి బోనులో నిలబడి చెబుతుంది, తీర్పు ఇంకొకరు ఇస్తారు. 1987లో నల్లజాతి స్త్రీవాదులు కొందరు ఈ ఏర్పాటునే ప్రశ్నించారు. బార్బరా క్రిస్టియన్ 'ద రేస్ ఫర్ థియరీ' అనే వ్యాసంలో, తన జాతి మనుషులు ఎప్పటి నుంచో సిద్ధాంతం చేస్తూనే ఉన్నారు, కాకపోతే కథల్లో, సామెతల్లో, పొడుపుకథల్లో చేశారు అని వాదించింది. అదే ఏడాది హేజెల్ కార్బీ జేకబ్స్‌ని సాక్షిగా కాకుండా ఆలోచనాపరురాలిగా చదివింది.

జేకబ్స్ పుస్తకంలో ఒక చోట, పెళ్లి కాకుండా పిల్లల్ని కన్న సంగతి చెబుతూ, బానిస స్త్రీని మిగతా స్త్రీల కొలబద్దతో కొలవకూడదంటుంది. పైపైన చదివితే క్షమాపణలా ఉంటుంది. కార్బీ దాన్ని వాదనగా చదివింది. శీలం అనే విలువ, ఎవరి ఒళ్లు వాళ్ల సొంతమైన చోటే అర్థమున్న మాట. 1662లో వర్జీనియా చేసిన చట్టం ప్రకారం బిడ్డ హోదా తల్లిదే. తండ్రి ఎంత స్వతంత్రుడైనా బానిస కడుపున పుడితే బానిసే. అంటే యజమాని చేసే అత్యాచారం అతని ఆస్తిని పెంచుతుంది. కుటుంబం, శీలం, మాతృత్వం ఇవన్నీ ఆస్తి చట్టంతో ఎలా ముడిపడి ఉన్నాయో జేకబ్స్ ఒక్క సిద్ధాంత పదం లేకుండా విప్పి చూపించింది. ఇది అనుభవం చెప్పడం మాత్రమే కాదు, అనుభవం మీద నిలబడి చేసిన విశ్లేషణ.

1990లో పట్రీషియా హిల్ కాలిన్స్ 'బ్లాక్ ఫెమినిస్ట్ థాట్'లో దీనికో పద్ధతి రూపం ఇచ్చింది: ఒక మాట నిజమా కాదా అని తేల్చడంలో బతికిన అనుభవానికి చోటుంది, తేల్చడం ఒక్కరి పని కాదు, సంభాషణలో జరుగుతుంది, చెప్పినవాళ్లు తమ మాటకి పూచీ పడాలి. చివరిదే నాకు బాగా నచ్చింది. కోడ్ రాసి పేరు పెట్టకుండా వెళ్లిపోయేవాళ్లతో పని చేసినవాళ్లెవరికైనా నచ్చుతుంది. ఇక 2006లో కేథరిన్ మెకిట్రిక్ జేకబ్స్ అటకని భూగోళశాస్త్రంలోకి తీసుకెళ్లింది. బందిఖానా, కాపలా కోట ఒకే చోట ఉన్న స్థలం అది. లోపలున్న మనిషి కదల్లేదు, కానీ యజమాని ఎటు వెళ్తున్నాడో ఆమెకి తెలుసు, ఆమె ఎక్కడుందో అతనికి తెలీదు. ఆ చోటుని జేకబ్స్ తప్పించుకునే సందు అన్న అర్థం వచ్చే పేరుతో పిలిచింది. ఇవాళ ఆ పేరు ఒక విద్యా పరిభాష.

కథలు చెప్పకపోతే ఏమవుతుందో కోర్టులో కూడా చూశారు. జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్ల స్త్రీలు వేసిన కేసుని 1989లో కింబర్లీ క్రెన్షా తిరగేసింది. కంపెనీ స్త్రీలని తీసుకుంది (ఆఫీసుల్లో, తెల్లవాళ్లని), కాబట్టి లింగ వివక్ష లేదు. నల్లవాళ్లని తీసుకుంది (ఫ్యాక్టరీలో, మగవాళ్లని), కాబట్టి జాతి వివక్ష లేదు. రెండూ కలిపి చూడటానికి కోర్టు ఒప్పుకోలేదు. యూనిట్ టెస్టులన్నీ పాసయి, సిస్టమ్ పడిపోయిన సందర్భం.

ఇదంతా చెప్పాక ఒక పేచీ ఉంది. కథ జ్ఞానం కావచ్చు. కానీ ఏ కథ, ఎవరు రాసిపెట్టిన కథ? 1851లో ఓహాయోలోని ఏక్రన్‌లో సోజర్నర్ ట్రూత్ చేసిన ప్రసంగం అందరికీ తెలుసు. నేను ఆడదాన్ని కానా అనే ఆ ప్రశ్న పోస్టర్లకీ టీషర్టులకీ ఎక్కింది. 1981లోనే బెల్ హుక్స్ మొదటి స్త్రీవాద గ్రంథానికి పేరుగా నిలిచింది. కానీ ప్రసంగం జరిగిన నెలలోపే ఒక పత్రికలో అచ్చయిన పాఠంలో ఆ ప్రశ్న లేదు. పన్నెండేళ్ల తర్వాత, 1863లో, ఫ్రాన్సెస్ గేజ్ అనే తెల్ల ఉద్యమకారిణి జ్ఞాపకం మీద రాసిన పాఠంలో ఉంది. ఆ పాఠం దక్షిణాది బానిసల యాసలో ఉంటుంది. ట్రూత్ పుట్టి పెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలో, ఆమె మొదటి భాష డచ్చి! గేజ్ పాఠంలో ఆమెకి పదమూడు మంది పిల్లలు, నిజానికి అయిదుగురు. దీన్నంతా నిదానంగా విప్పి, 1996లో ట్రూత్ జీవితచరిత్ర రాసింది నెల్ ఇర్విన్ పెయింటర్ అనే నల్లజాతి చరిత్రకారిణి. కథని గౌరవించడం అంటే దాన్ని పరీక్షించకుండా వదిలెయ్యడం కాదని ఈ పని చూపిస్తుంది. పోస్టర్ మీద ఉన్న ట్రూత్ కంటే డచ్చి మాట్లాడే ట్రూత్ నాకు ఎక్కువ ఆసక్తిగా ఉంది.

ఈ గీత మీదే నడిచే రచయిత్రి సెయిడియా హార్ట్‌మన్. బానిస ఓడ మీద చనిపోయిన, కోర్టు కాగితంలో వీనస్ అన్న పేరు తప్ప ఇంకేమీ మిగలని ఒక అమ్మాయి గురించి 2008లో ఆవిడ రాసిన వ్యాసం, నేను చదివినవాటిలో అతి నిజాయితీ అయిన చరిత్ర రచనల్లో ఒకటి. అక్కడ ఆవిడ ఊహించాలని ఆశపడి, ఎక్కడ ఆగాలో చెబుతూ ఆగుతుంది. 2019 నాటి 'వేవర్డ్ లైవ్స్'లో అంతగా ఆగదు. వెనక నోట్స్ ఉన్నాయి, నిజమే. అయినా చదువుతుంటే కాగితం ఎక్కడ అయిపోయి ఊహ ఎక్కడ మొదలైందో చాలాచోట్ల నాకు అంతుపట్టలేదు. వచనం అద్భుతంగా ఉన్నప్పుడు ఆ అనుమానం ఇంకా పెరుగుతుంది. జేకబ్స్ ఏడేళ్లు అటకలో కూర్చుని చూసిన దానికీ, చూడని దాన్ని మనం ఆమె తరఫున ఊహించడానికీ తేడా చెరిగిపోతే, నష్టపోయేది జేకబ్సే.

యుద్ధం మధ్యలో జేకబ్స్ వర్జీనియాలోని అలెగ్జాండ్రియాకి వెళ్లింది. అప్పుడే బానిసత్వం నుంచి బయటపడి వచ్చిన వేలమంది అక్కడ గుడ్డా తిండీ లేక ఉన్నారు. వాళ్లు కట్టుకున్న బడి 1864 జనవరిలో తెరుచుకుంది. బడిని నడపడానికి ఉత్తరాది నుంచి తెల్ల టీచర్లు సిద్ధంగా ఉన్నా, అది నల్లవాళ్ల చేతుల్లోనే ఉండాలని ఆమె పట్టుబట్టింది. టీచరుగా నిలబడింది ఆమె కూతురు లూయిసా. ముప్పై ఏళ్ల కింద ఈడెన్‌టన్ వీధిలో, గోడ బెజ్జంలోంచి అమ్మ చూస్తోందని తెలీకుండా ఆడుకున్న పిల్ల. ఆ బడి ముందు పిల్లలందరూ నిలబడి ఉన్న 1864 నాటి ఫోటో ఒకటి ఉంది.